గొంతు తగ్గించి పేరు అడిగిన సిస్టరమ్మ

నా భార్య జబ్బు సంగతి ఎవరికీ తెలియనివ్వనని కరీంనగర్ ఆస్పత్రిలో డాక్టరు మాకు మాటిచ్చి, చాలా ఏళ్ళ కిందటే ఆ మాట తప్పాడు. ఆ వార్డులో మాట కాపాడింది సిస్టరమ్మ ఒక్కతే. మొన్న ఆమె పోయిందని కబురొచ్చింది.

అప్పుడు వార్డులో ఇద్దరు రాజవ్వలు. ఒకరు నా భార్య. ఇద్దరిదీ చొప్పదండి దిక్కే. మొగుని పేరును బట్టి గుర్తుపడదామంటే, మా వైపు ఆడవాళ్ళు ఆ పేరు నోట పలకరు. సూది వేసే ముందు సిస్టరమ్మ మంచం మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగేది.

"నీ పేరేంది బిడ్డా? పెనిమిటి పేరేంది?"

"ఆయన పేరెట్ల చెప్పాలె సిస్టరమ్మా, సిగ్గుగాదా!"

"సరే, మీ బాపు పేరు చెప్పు. ఆయనకాడ సిగ్గు లేదు గదా?"

క్షయతో ఎముకల గూడైన నా భార్య ఆ రోజు నవ్వింది.

"రాజవ్వవేనా అని అడిగితే భయానికి ఇద్దరూ తలూపుతరు. పేరు వాళ్ళ నోటితోనే రావాలె" అని సిస్టరమ్మ కొత్త నర్సులకు చెప్పేది.

ఒకనాడు మా పెద్దక్క మొగుడు, మా బావ, వార్డుకు వచ్చాడు.

"రాజవ్వ మావోళ్ళే అమ్మా. జర చెప్పు, ఏం బీమారి?"

'మావోళ్ళే' అంటే మా దగ్గర ఏ తలుపైనా తెరుచుకుంటుంది. సిస్టరమ్మ దగ్గర తెరుచుకోలేదు.

"మీవోళ్ళైతే ఆమెనే అడుగుండ్రి. చెప్పబుద్ధైతే చెప్తది."

"గింత నకరాలేంది? నేను పరాయోణ్ణా?"

"ఆమె చెప్పేదాక నాకు మీరు పరాయోళ్ళే."

బావ తిన్నగా డాక్టరు గదిలోకి పోయాడు. ఆయనతో చాయ్ తాగి, జబ్బు పేరు తెలుసుకుని బయటికొచ్చాడు. పొద్దుగూకేసరికి ఊరంతా తెలిసింది.

మందులతో జబ్బు నయమైంది. అయినా మా ఇంటికొచ్చినవాళ్ళెవరూ నీళ్ళు ముట్టలేదు. బతుకమ్మ ఆడేటప్పుడు నా భార్యకు అటూ ఇటూ చోటు ఖాళీగా ఉండేది. తర్వాత ఆమె ఆటకే పోలేదు. వైద్యుని ధర్మం గురించి గొప్పగొప్పవాళ్ళు రాసినవి చదివాను. ఆ ఖాళీ చోటును ఏ పుస్తకమూ నింపలేదు. అట్లాగే నా భార్య కన్నుమూసింది.

ఈ మధ్య నేనే ఆస్పత్రిలో పడ్డాను. చేతికి పేరున్న పట్టీ కట్టారు. నర్సు దాన్నే చూసి, నా మొహం చూడకుండా, నా మూత్రం సంగతి వార్డంతా వినేట్టు చెప్పింది. పక్క మంచం ముసలాయన నాకు పథ్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తగ్గించిన గొంతు కోసం నా ప్రాణం కొట్టుకుంది. అప్పటికే సిస్టరమ్మ మంచం పట్టిందని నాకు తెలియదు.

నా భార్య జబ్బు నయమైన ఏడాదే, కొండగట్టు మొక్కు తీర్చుకుని వస్తూ సిస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. నన్ను కన్న మా అవ్వ తళతళలాడే చెంబుతో నీళ్ళు తెచ్చింది. సిస్టరమ్మ చెంబు అందుకోలేదు. గూట్లో విడిగా బోర్లించిన నా భార్య గ్లాసు తీసి, కుండలో ముంచుకుని తాగింది.

"సల్లగున్నయి రాజవ్వా" అన్నది.

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డది.

సిస్టరమ్మ బస్సెక్కాక ఆ గ్లాసును బూడిదతో తోమి, మళ్ళీ విడిగా బోర్లించిన చెయ్యి మా అవ్వది. జబ్బేమిటో కనుక్కురమ్మని బావను ఆస్పత్రికి పంపిందీ ఆమే. డాక్టరును తిట్టీ తిట్టీ అలిసిపోయాను. బావతో మళ్ళీ మాట కలిసింది. ఈనాటికీ మన్నించలేనిది మా అవ్వను.