మాట్లాడటంలో సున్నా

మా తమ్ముడు రైమోకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా నోరు తెరవడు. పూర్తయ్యాక కూడా ఒక క్షణం ఆగుతాడు, ఇంకేమైనా మిగిలిందేమోనని. మా హామె ప్రాంతపు అడవుల్లో దీన్నెవరూ జబ్బనరు, పెద్దమనిషి తరహా అంటారు. మా నాన్నా అంతే, తాతా అంతే. ఆ ఇంట్లో తప్పబుట్టింది నేనొక్కదాన్నే. సెలూన్ నడుపుతాను. పొద్దున తలుపు తీసింది మొదలు నా చేతిలో కత్తెరా ఆగదు, నోట్లో నాలుకా ఆగదు.

రైమో వాణిజ్యశాస్త్రంలో మాస్టర్స్ చదివాడు. చదివాడంటే, ముప్పావు వంతు చదివాడు. వేసవి సెలవుల్లో మా ఊరు కుయిక్కలంపి మునిసిపాలిటీలో లెక్కల పనికని వచ్చి, అక్కడే ఉండిపోయాడు. పాత ఆర్థికాధికారి పదవీ విరమణ చేశాక ఆ కుర్చీలో వీణ్ణే కూర్చోబెట్టారు. డిగ్రీ లేదు కాబట్టి తలుపు మీద పేరు కింద ‘తాత్కాలిక’ అని రాశారు. ఆ రాత అలాగే ఉండిపోయింది. నీ తాత్కాలికానికి గడ్డం కూడా నెరిసిందయ్యా అని ఊళ్లో వాళ్లు ఏడిపించేవాళ్లు. వాడు నవ్వి ఊరుకునేవాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఆ ఆఫీసే వాడి ఇల్లు, ఊరి నీళ్ల పైపులూ బడి బస్సులే వాడి సంసారం.

అలాంటి వాడి నెత్తిన ఒక ఏడాది రెండు పిడుగులు ఒకేసారి పడ్డాయి. మా మునిసిపాలిటీని పక్క పట్టణంలో కలిపేస్తున్నారని ఒకటి. కొత్త పట్టణానికి ఒక్కరే ఆర్థికాధికారి, మాస్టర్స్ డిగ్రీ చేతిలో లేనివాళ్ల దరఖాస్తు ముట్టుకోనైనా ముట్టుకోరు. జూలై ఆఖరుతో పాత పద్ధతి డిగ్రీలన్నీ మూసేస్తున్నామని విశ్వవిద్యాలయం చెప్పిన కబురు రెండోది. ఆ లోపల ముగించని వాళ్లు కొత్త పద్ధతిలోకి మారాలట. వాడి పాత కోర్సులు కాలం చెల్లినవని కొట్టేస్తారట. అంటే యాభైకి దగ్గరపడ్డ మనిషి పిల్లల పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి.

మిగిలినవి ఏమిటో చూసుకున్నాడు. థీసిస్ ఒకటి. చిన్న ఊళ్ల నీటి పన్నుల మీద చలికాలమంతా కూర్చుని రాశాడు. దానికి ‘మాగ్నా’ వేశారు, పైనుంచి మూడో మెట్టు. మా వంశంలో ఎవరికీ లాటిన్‌లో మార్కు రాలేదు! థీసిస్ తనే రాశానని రుజువు చేయడానికి కాపలా మధ్య చేత్తో రాసే వ్యాసం ఇంకోటి ఉంటుంది, అదీ గట్టెక్కాడు. ఇక స్వీడిష్ మిగిలింది. స్వీడన్ పక్కనే ఉన్న మా దేశానికి అది రెండో అధికార భాష, వచ్చని చూపించందే ఎవరికీ డిగ్రీ ఇవ్వరు. రాత పరీక్షలో మంచి మార్కే వచ్చింది. మాట్లాడే పరీక్ష దగ్గర బండి ఆగింది. కుర్రతనంలో ఆ పరీక్ష ఎగ్గొట్టి పారిపోయి వచ్చాడు కాబట్టే అసలు చదువు మధ్యలో వదిలేశాడని నాకు అప్పుడు తెలిసింది.

అన్నిట్లో ఇంతింత మార్కులున్నాయి కదా, సగటు తీస్తే సరిపోదా అని అడిగాను.

“సగటు తీయరక్కా. ఏ ముక్కకా ముక్క నెగ్గాలి. రాత వేరు, మాట వేరు” అన్నాడు.

సరే, నేను లేనా అనుకున్నాను. పెళ్లికి ముందు స్టాక్‌హోమ్ ఓడ మీద సెలూన్‌లో పనిచేసినదాన్ని. మందు కొట్టి ఊగిపోతున్న స్వీడన్ వాళ్లకి, ఊగుతున్న ఓడలో క్రాపు చేస్తూ నేర్చుకున్న స్వీడిష్ నాది. తప్పులతడకే, కానీ గలగలా పారుతుంది. ఆదివారం ఆదివారం వాణ్ణి నా వంటింట్లో కూర్చోబెట్టి వాయించాను. ఏదడిగినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. కళ్లు కిటికీ అవతల ఎక్కడో ఉండేవి. లోపల వాక్యం కట్టుకుంటున్నాడన్న మాట. ఆ వాక్యం బయటికి వచ్చేసరికి నేను నాలుగు మాటలు దాటిపోయి ఉండేదాన్ని.

“నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయేమిట్రా? తప్పో ఒప్పో, ఏదో ఒకటి వాగు. పరీక్షలో నువ్వెంత మంచివాడివో చూడరు, ఎంత మాట్లాడావో చూస్తారు.”

“నువ్వు ఊపిరి పీల్చుకుంటే మాట్లాడతానక్కా” అనేవాడు.

మే నెల చివర్లో పరీక్ష. జూలై గడువులోపల ఇదే ఆఖరుది, మళ్లీ చలి మొదలయ్యాకే. కారు నేనే నడిపాను. దారంతా స్వీడిష్‌లోనే మాట్లాడమని పట్టుబట్టాను. దారి పక్క ఆవుల గురించి, పొలాల గురించి, మునిసిపాలిటీ గురించి మెల్లగా, చక్కగా చెప్పాడు. నాకెంత ధైర్యం వచ్చిందో! వీడికి రాకపోవడమేమిటి, నాకంటే బాగా వచ్చు అనుకున్నాను. విశ్వవిద్యాలయం వసారాలో మమ్మల్ని కూర్చోమన్నారు. పరీక్ష ఇద్దరిద్దరికి కలిపి పెడతారట. రైమోకి జతగా యొన్నా అనే పిల్ల పడింది. వాడి కూతురి వయసు ఉంటుంది, వాడికి కూతురుంటే. భయంతో ఆ పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది. రైమో తన సంచిలోంచి మిఠాయి తీసి ఇచ్చాడు. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

లోపల ఏం జరిగిందో నాకు యొన్నాయే చెప్పింది. తలుపు తెరుచుకోగానే ఎగురుకుంటూ వచ్చి, పరిచయం లేకపోయినా నన్ను కావలించుకుంది. తను ఐదుకి ఐదుతో నెగ్గింది. పరీక్ష పెట్టిన గున్వోర్ మేడమ్ వాళ్లకో చీటీ ఇచ్చిందట. రెండు కంపెనీలు కలుస్తున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక ఆఫీసే మిగలాలి. యొన్నా పెద్ద కంపెనీ మనిషి, రైమో చిన్న కంపెనీ మనిషి. ఇద్దరూ వాదించుకోవాలి. చిన్నదాన్ని ఎందుకు మూసేయాలో యొన్నా మొదలెట్టింది. ఎదురుగా ఈ పెద్దాయన తల ఊపుతూ, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటున్నాడట.

“నన్నెవరూ అలా వినలేదండీ ఇప్పటిదాకా. ఆ అంకుల్ వింటుంటే నా భయమంతా ఎగిరిపోయింది. ఇంక ఆపలేకపోయాను” అంది.

మధ్యలో గున్వోర్ మేడమ్ రైమో వైపు తిరిగి, మరి మీరేమంటారు అని అడిగిందట. వాడు ఆలోచనలో పడ్డాడు. పాపం ఆయన ఇబ్బంది పడుతున్నాడని ఈ పిల్లకి జాలేసి, ఆయన తరఫున తనే జవాబు చెప్పేసిందట. రైమో గంగిరెద్దులా తల ఊపాడు. పరీక్ష మొత్తం మీద వాడి నోట వచ్చింది ఒకటే మాట, ‘అవును, నిజమే’.

ఆ పిల్లని తిట్టాలో, దీవించాలో తెలియలేదు. లోపలికి దూసుకెళ్లాను. రైమో కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. గున్వోర్ మేడమ్ పెద్దావిడ, ముఖం చూస్తే తనే ఓడిపోయినట్టుంది. నా ఓడ స్వీడిష్‌లో గడగడా అందుకున్నాను. వీడికి అన్నీ వచ్చని, దారిలో ఆవుల గురించి కూడా చెప్పాడని, వీడి బతుకంతా దీని మీద ఉందని, ఇంకొక్కసారి అడగండి, నేను బయటే ఉంటాను, గుక్కెడు మంచినీళ్లు తాగేంత సేపు చాలని కాళ్లావేళ్లా పడ్డాను.

“మీకైతే ఇప్పుడే మార్కు వేసేస్తానమ్మా. రైమో గారికి అంతా అర్థమైంది, నేను కళ్లారా చూశాను. కానీ నేను విన్నదానికే మార్కు వేయగలను, చూసినదానికి కాదు. శరదృతువులో మళ్లీ రండి” అంది.

శరదృతువులో ఎవరికి కావాలి? రైమో నా చెయ్యి పట్టుకుని, ఇక వెళదాం అన్నాడు. వసారాలో యొన్నాకి శుభాకాంక్షలు చెప్పి, చెయ్యి కలిపాడు కూడా. ఒళ్లు మండిపోయింది నాకు.

జూలై పోయింది. డిగ్రీ పోయింది. మాగ్నా వచ్చిన ఆ థీసిస్ ఏ డిగ్రీకీ చెందకుండా మిగిలింది. కొత్త పట్టణానికి ఆర్థికాధికారిగా రాజధాని నుంచి ఎవరో వచ్చారు. ఊళ్లు కలిసినప్పుడు పాత ఉద్యోగుల్ని ఐదేళ్లదాకా తీసేయకూడదని చట్టం. అందుకని రైమోకి కొత్త మునిసిపల్ భవనంలో ఒక గది ఇచ్చారు. బల్ల ఉంది, ఫోను ఉంది, పని లేదు. తలుపు మీద ఇప్పుడు ‘తాత్కాలిక’ అని కూడా లేదు. పొద్దున్నే తల దువ్వుకుని వెళతాడు, సాయంత్రం వస్తాడు. ఎవరూ ఏమీ అడగరు. ఎవరైనా అడిగితేనే కదా వాడు చెప్పేది. కుయిక్కలంపిలో మా పాత ఆఫీసుకి తాళం వేశారు, బడి బస్సు కూడా ఒకటి తగ్గించారు. మనిషి సగానికి సగం అయిపోయాడు. చొక్కా వదులై మెడ దగ్గర వేలాడుతోంది.

మొన్న ఆదివారం భోజనానికి పిలిచాను. బంగాళాదుంపలు పొయ్యి మీద ఉన్నాయి. ఏదో ఒకటి మాట్లాడించాలని, ఆ రోజు ఆ మేడమ్ అడిగినప్పుడు అసలు నువ్వేం చెప్పాలనుకున్నావురా అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

రైమో కిటికీ వైపు చూశాడు. తర్వాత స్వీడిష్‌లో మొదలెట్టాడు. చిన్న ఆఫీసుని ఎందుకు మూయకూడదో చెప్పాడు. ఏ ముసలమ్మ ఇంట్లో పైపు పగిలితే ఎవరికి ఫోను చేస్తుందో, ఆ ఫోను దూరంగా ఉన్న ఆఫీసులో ఎవరెత్తుతారో, ఏ పిల్లలు మంచులో బస్సు కోసం ఎంతసేపు నిలబడతారో, పెద్ద కంపెనీ వేసిన లెక్క ఎక్కడ సరైనదో, ఎక్కడ ఒక మనిషిని మరిచిపోయిందో. తడబాటు లేదు. ఒక్క తప్పు లేదు. జీవితంలో మొదటిసారి నేను వాడి మాటకి అడ్డం రాలేదు. పొయ్యి మీద నీళ్లు పొంగి పోతున్నా కదల్లేదు.

“ఇదంతా ఎప్పుడు కట్టుకున్నావురా?” అన్నాను.

“ఆ రోజే తయారుగా ఉందక్కా. ఆ అమ్మాయి మాట పూర్తి చేస్తుందేమోనని చూస్తూ ఉండిపోయాను.”

నేను పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. వాడు మధ్యలో ఏమీ అనలేదు. నా ఏడుపు పూర్తయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.