పందెంలో చెల్లని మాట

మిలటరీ పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆ ఎండలోనే మీసం మీద ఊపిరి గడ్డకట్టి కూర్చుంది. వీపు మీద నా సామాను, చేతిలో మందుల పెట్టె. కింది పోస్టు నుంచి ఒకే తాడుకి నలుగురం కట్టుకుని ఎక్కాం. దారి పొడవునా మంచులో పాతిన ఎర్ర జెండాలు. జెండా దాటి అడుగు పక్కకి పడకూడదని ఆర్డరు. పక్కన మంచులో లోతైన పగుళ్ళు ఉంటాయి. పైన పల్చగా మంచు కప్పేసి ఉంటుంది కాబట్టి కంటికి కనపడవు.

అది ఎక్కడో చెప్పను. ఉత్తరాన, సుమారు పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున. చోడవరం బస్టాండు దగ్గర టీ తాగుతూ అడిగేవాళ్ళకి కూడా నేను చెప్పేది అంతే.

రెండు ఫైబర్ గుడిసెలు, ఒక బంకరు, ఒక కిరోసిన్ స్టవ్వు, నాతో కలిపి తొమ్మిదిమంది. నేను నర్సింగ్ అసిస్టెంటుని. పోస్టు కమాండరు సుబేదార్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏ ఊరు?"

"ఆంధ్రా సాబ్. చోడవరం దగ్గర."

"అక్కడ మంచు పడుతుందా?"

"చెరకు పండుతుంది సాబ్."

అందరూ నవ్వారు. మూల నుంచి మాత్రం నవ్వు బదులు కేక వినిపించింది. రేడియో ఆపరేటరు, చెవులకున్న హెడ్‌ఫోన్ పీకేసి లేచాడు.

"ఒరే! చోడవరమేట్రా బాబూ! మాది కె.కోటపాడు!"

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పక్కపక్క మండలాల్లో తిరిగి ఒకరి మొహం ఒకరం చూడలేదు. అంత దూరం పోయి అక్కడ కలిశాం. ఆ సాయంత్రానికే వాడు నన్ను బావా అనేశాడు. మిగతావాళ్ళతో మాట్లాడేది హిందీ. వాళ్ళ మాటలు నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. మేమిద్దరం మాట్లాడుకున్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

అక్కడ అందరికీ ఒళ్ళు మండే పని ఒకటుంది. మంచు కరిగించడం. తాగాలన్నా వండాలన్నా పారతో మంచు తవ్వాలి, స్టవ్వు మీద కరిగించాలి. ఎంత తవ్వినా చివరికి గిన్నె అడుగున కాసిని నీళ్ళు. ఆ పని ఎవరు చెయ్యాలో తేల్చడానికి రోజూ సాయంత్రం టీ దగ్గర పందెం. రేపు ఎండా, మబ్బా, గాలా? ప్రతివాడూ ఒక్క మాట చెప్పాలి. తప్పినవాళ్ళు మర్నాడు మంచు కరిగించాలి. ఎవరూ తప్పకపోతే ఆ పని సుబేదార్ సాబ్‌ది. ఈ రూలు పెట్టింది ఆయనే. కానీ తెలివైన మనిషి! అందరూ ఒకే మాట అన్నారంటే చాలు, ఎవడో ఒకణ్ణి రెచ్చగొట్టేవాడు. "నీకంటూ సొంత బుర్ర లేదా? గొర్రెలాగ అందరూ అన్నదే అంటావా?" వాడు పౌరుషానికి పోయి మాట మార్చేవాడు. మర్నాడు పార పట్టుకునేవాడు.

మా రేడియో వాడికి పందెంలో ఓటమి చాలా తక్కువ. చిట్కా నాకూ చెప్పాడు.

"ఇవాళ ఎలగుందో రేపూ అలగే అని సెప్పు బావా. అంతే. బుర్ర వాడకు."

నిజంగానే పనిచేసేది! పది రోజుల్లో తొమ్మిది రోజులు వాడిదే గెలుపు. దాంతో వాడు బతుకంతా అదే లెక్కలో నడిపేవాడు. వాడి భార్య కె.కోటపాడులో కడుపుతో ఉంది. "మా తాతకి మొదలు కొడుకే. మా అయ్యకీ మొదలు కొడుకే. నాకూ కొడుకే, రాసుకో" అనేవాడు.

నేను మొదటి సాయంత్రం పందెంలో అన్న మాట అందరికీ వింతగా తోచింది. "ఎండే సాబ్, ప్రభువు చిత్తమైతే" అన్నాను. నేను కావాలని అన్నది కాదు. మా ఇంట్లో రేపటి మాట ఏదైనా ఆ రెండు ముక్కలు తగిలించకుండా నోరు మూతపడదు. రేపు ఇడ్లీ అయినా, అనకాపల్లి బస్సు అయినా అంతే. నేను పట్టాళానికి బయలుదేరిన రోజు మా చిన్నాన్న వీధిలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు. "మూడు నెల్లలో పారొచ్చేత్తాడు సూడండి. టెన్త్‌లో హాస్టల్ నుంచి పారొచ్చేడు కదా!" అమ్మ నా సంచి జిప్పు లాగుతూ, "నిలబడతాడు మరిదీ, ప్రభువు చిత్తమైతే" అంది. తనకి నా మీద నమ్మకం లేక కాదు. రేపటి రోజు తన చేతిలో లేదని ఆవిడకి తెలుసు.

నా మాట హిందీలో విని సుబేదార్ సాబ్ చెయ్యి అడ్డం ఊపాడు.

"పందెంలో ఆ మాట చెల్లదు. ఎండా, కాదా? తేల్చు."

అప్పటినుంచి నాకు "అగర్ సాబ్" అని పేరు పెట్టారు. అంటే 'అయితే గియితే' అనే పెద్దమనిషి అన్నమాట.

ఆ చలికాలం చివర్లో వరసగా ఐదు రోజులు ఆకాశం తుడిచినట్టుంది. రోజూ ఉదయం హెలికాప్టర్ వచ్చి మాకూ పక్క పోస్టులకీ కిరోసిన్, రేషన్ దించి పోయింది. ఐదో రోజు సాయంత్రం రేడియో వాడికి దగ్గు పట్టుకుంది. పొద్దు పొడిచేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీకి చెవి ఆనించి విన్నాను. లోపల గరగరమని నీళ్ళ చప్పుడు. ఎత్తు ప్రదేశాల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే జబ్బు అది. గంటలమీద మనిషిని తీసుకుపోతుంది. అసలైన మందు ఒక్కటే, మనిషిని కిందికి దించడం.

ఆక్సిజన్ మాస్కు పెట్టాను. రేడియోలో సుబేదార్ సాబ్ కింది పోస్టు డాక్టరుతో మాట్లాడాడు.

"మీ వైపు సప్లై నిన్నటితో అయిపోయింది, ఇవాళ హెలికాప్టర్ లేదు. ఆక్సిజన్ మీద ఉంచండి. రేపు తెల్లారగానే హెలికాప్టర్. ఓవర్."

హమ్మయ్య అనుకున్నాం అందరం. వంటవాడు అప్పుడే రేడియో వాడి సంచి సర్దడం మొదలుపెట్టాడు. నేను మాస్కు బిగిస్తూ వాడితో అలవాటు కొద్దీ అన్నాను. "రేపు ఈపాటికి ఆస్పత్రిలో ఉంటావురా, ప్రభువు చిత్తమైతే."

నా మాట నాకే గుచ్చుకుంది. లేచి సిలిండర్లు మళ్ళీ చూసుకున్నాను. ఉన్నవి రేపు మధ్యాహ్నం దాకా వస్తాయి. ఆపైన లేదు.

"సాబ్, కాకపోతే?" అన్నాను.

"ఏం కాకపోతే? ఆకాశం చూడు."

"ఆకాశం బాగుంది సాబ్. రేపూ ఎండే అని నేనూ పందెం కడతాను. కానీ ఏ కారణంగానో హెలికాప్టర్ రాకపోతే, మధ్యాహ్నం తర్వాత వీడికి పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు బయలుదేరితే వెలుగుండగా కింది పోస్టుకి దించేయొచ్చు. అక్కడ డాక్టరు ఉన్నాడు. ఆక్సిజన్ ఉంది."

హవల్దార్‌కి కోపం వచ్చింది. మాలో అందరికంటే బలమైనవాడు, దారి బాగా తెలిసినవాడు.

"ఐదు రోజులు వరసగా వచ్చింది, నీకు కళ్ళు లేవా? దారిలో రెండు పగుళ్ళ మీద నిచ్చెనలు దాటాలి. పడుకున్న మనిషితో దాటాలి. అక్కడ జారితే నీ ప్రభువు వచ్చి పట్టుకుంటాడా?"

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. మాస్కు కింద నుంచి రేడియో వాడు గొణిగాడు.

"ఒగ్గేయ్ బావా. రేపు వచ్చెత్తాది. ఇన్నాళ్ళూ రాలేదేటి?"

వాడి చిట్కాని వాడు తన ప్రాణం మీదే పెడుతున్నాడు! నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. వీడి ఇంటికి పోయి, నిండు చూలాలి ముందు నిలబడి, ఆకాశం బాగుందమ్మా అని చెప్పాలా?

సుబేదార్ సాబ్ నా దగ్గరికి వచ్చాడు.

"రేపు రాదని చెబుతున్నావా?"

"లేదు సాబ్. నాకు తెలీదని చెబుతున్నాను. ఇక్కడ ఎవరికీ తెలీదు."

ఆయన రేడియో సెట్టు తీసుకుని కంపెనీ కమాండరుతో రెండు ముక్కలు మాట్లాడాడు. అటునుంచి వచ్చింది ఒకే వాక్యం. "మీరు అక్కడున్నారు, నిర్ణయం మీది. కింది నుంచి నలుగుర్ని ఎదురు పంపుతాను, ఓవర్."

సుబేదార్ సాబ్ గ్లవ్స్ తొడుక్కున్నాడు. "స్లెడ్జి తీయండి."

వద్దన్న హవల్దారే అందరికంటే ముందు లేచాడు. ఆర్డరు పడ్డాక మారు మాట లేదు. మంచు మీద లాగే ఆ బండి ముందు తాడు, అన్నిటికంటే కష్టమైనది, తన నడుముకే కట్టుకున్నాడు. అలాంటి మనుషులతో పనిచేశానని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

స్లీపింగ్ బ్యాగులో చుట్టి స్లెడ్జి మీద కడుతుంటే రేడియో వాడు చెయ్యి బయటికి తీశాడు. "పందెం కట్టి మరీ ఎల్లండ్రా" అన్నాడు. సరే, వాడి ముచ్చట ఎందుకు కాదనాలి? తొమ్మిదిమందిమీ చెప్పాం. ఎండ, ఎండ, ఎండ. సుబేదార్ సాబ్ ఆ రోజు ఎవర్నీ రెచ్చగొట్టలేదు.

పదకొండింటికి దిగడం మొదలుపెట్టాం. లాగేవాళ్ళు ఐదుగురు, పక్కన సిలిండరు పట్టుకుని నేను. పోస్టులో సుబేదార్ సాబ్, వంటవాడు మిగిలారు. మొదటి నిచ్చెన సులువుగా దాటాం. రెండో నిచ్చెన మీద స్లెడ్జి ఒక పక్కకి ఒరిగింది. కింద పచ్చటి చీకటి, అడుగు కనపడదు. హవల్దార్ అవతలి ఒడ్డున వెల్లకిలా పడి, మడమలు మంచులో దిగ్గొట్టి తాడు ఆపాడు. "లాగండ్రా!" అని ఒక్క అరుపు. లాగాం. దగ్గర్లోనే కింది నుంచి వచ్చిన నలుగురు ఎదురయ్యారు. నాలుగున్నరకి డాక్టరు చేతుల్లో పెట్టాం.

మర్నాడు కింది పోస్టులోనే మాకు తెల్లారింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. గాలి లేదు. పందెం అందరం గెలిచాం.

హెలికాప్టర్ రాలేదు.

తెల్లవారుజామున వేరే లోయలో ఒక పోస్టు మీద మంచుచరియ పడింది. ఉన్న హెలికాప్టర్లన్నీ అటు పోయాయి. పోవాలి కూడా. మా దగ్గరికి వచ్చింది ఆ మర్నాడు సాయంత్రం. మేం తేల్చుకున్న మాట ఎండ గురించి. ఎండ వచ్చింది. ఎండ వస్తే హెలికాప్టర్ వచ్చినట్టే అని దాన్ని ఎవరం విడిగా లెక్కపెట్టనేలేదు.

మధ్యాహ్నం దాటాక పై నుంచి సుబేదార్ సాబ్ రేడియోలో పలికాడు.

"అగర్ సాబ్‌కి చెప్పండి. ఇవాళ అందరూ గెలిచారు. మంచు నేను కరిగిస్తున్నాను. మావాడు ఎలా ఉన్నాడు? ఓవర్."

"బతుకుతాడు సాబ్" అన్నాను. వెంటనే కలిపాను. "ప్రభువు చిత్తమైతే, ఓవర్."

గరగరల మధ్య ఆయన గొంతు. "చెల్లుతుంది. అవుట్."

పోస్టులో నా గడువు ముగిసి కిందికి దిగేటప్పటికి వేసవి వచ్చింది. చోడవరంలో బస్సు దిగాను. చిన్నాన్న అక్కడే ఉన్నాడు. నా సంచి లాక్కుని టీ కొట్టు దగ్గర అందరికీ వినపడేలా, "నాను ముందే సెప్పేను కదా, గుంటడు నిలబడతాడని!" అన్నాడు. ఏం చెయ్యను? నవ్వి ఊరుకున్నాను. ఇంటికెళ్ళాక ఆ మాట అమ్మకి చెబితే పడీపడీ నవ్వింది.

రేడియో వాడు ఫోను చేశాడు. "ఆడగుంట పుట్టింది బావా! మా తాత లెక్క గంగలో కలిసిపోయింది. ఎంత బాగుందో తెలుసా? ఆదివారం తీసుకొస్తన్నాను." ఇంకో మాట కూడా అన్నాడు. "ఆదివారానికి మీ అమ్మ మాట కూడా కలుపుకో. నాకు నోరు తిరగదు గానీ."

ఆదివారం వచ్చాడు, పిల్లని ఎత్తుకుని. అమ్మ ఆ పిల్లని చాలాసేపు ఒడిలోంచి దించలేదు.

ఇప్పుడు పట్టాళం మానేసి ఊళ్ళోనే ఉంటున్నాను. టీ కొట్టు దగ్గర జనం అడుగుతారు. యుద్ధం వస్తాదా? ఈ ఏడు చెరక్కి రేటుంటాదా? నేను పట్టాళంవాణ్ణి కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. తెలీదంటే నిరుత్సాహపడతారు. తెలీదనే అంటాను. మేం తెలీదని ఒప్పుకున్నాం కాబట్టి ఒక మనిషిని బతికించుకున్నాం. అది చిన్న విషయం కాదు.

వానలు వెలిసి ఆకాశం నీలంగా తేలిన రోజు మాత్రం నా కాళ్ళు ఆగిపోతాయి. కింది పోస్టులో హెలికాప్టర్ కోసం చూసిన ఆ మధ్యాహ్నం కళ్ళ ముందుకి వస్తుంది. తలెత్తితే అంచు నుంచి అంచుదాకా నీలం. అందరం మెడలు పైకెత్తి, చెవులు రిక్కించి నిలబడ్డాం. రెక్కల చప్పుడు ఎక్కడా లేదు. వినిపించింది ఒక్కటే, నా వెనక డాక్టరు గుడారంలో మావాడు తీస్తున్న ఊపిరి.