కళ్ళు మూసుకుని చూసొచ్చిన జలపాతం

ఆ రోజుల్లో అమెరికాకి జపాను పూనింది. ఎనభైల మాట. కార్లలో, టీవీల్లో జపానువాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారని గగ్గోలు పుట్టి, టై కట్టుకున్న ప్రతివాడూ వాళ్ళ రహస్యం కనిపెట్టేస్తానని విమానమెక్కేవాడు. (ఆ రహస్యం ఏమిటంటే, వాళ్ళు పని చేస్తారు. నన్నడిగితే టికెట్ ఖర్చు లేకుండా చెప్పేవాణ్ణి. లేత్ మెషీను దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవరడుగుతారు?) న్యూజెర్సీలో ప్లాస్టిక్ సీసా మూతలకి అచ్చులు తయారుచేసే మా చిన్న ఫ్యాక్టరీ యజమానికీ ఆ పూనకం వచ్చింది. పొద్దున్నే పార్కింగ్ లాట్‌లో మాచేత కసరత్తు చేయించాడు. హాజరు కొట్టే టైమ్ క్లాక్ మీద కాగితం లాంతరు వేలాడదీశాడు. మా జీతాలు తప్ప అన్నీ జపాను పద్ధతిలోకి మారిపోయాయి. ఆయనకి నేను పెట్టుకున్న పేరు నయాగరా. లోకంలో దేన్ని చూసినా నయాగరాతో పోల్చి, ఇది చిన్నదని తేల్చేసేవాడు.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. మా ఆవిడ నర్సు. ఆవిడ కొంగు పట్టుకుని, ఆవిడ వీసా మీద గుంటూరు నుంచి ఎడిసన్ వచ్చి, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని లేత్ పని నేర్చుకున్నాను. అప్పుడే మా షాపులో సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. అది నాకే రావాలని నాకూ తెలుసు, మెషీన్లకీ తెలుసు. నయాగరాకి తెలియదు. అలాంటి మనిషి ఓ రోజు నా భుజం మీద చెయ్యేసి, "గురూ, నాతో జపాన్ వస్తున్నావ్. మనకి ఆర్డరివ్వాల్సిన అక్కడి కంపెనీ పెద్దాయన మనల్ని ఏదో పాత తీర్థయాత్ర దారిలో వాటర్‌ఫాల్‌కి తీసుకెళ్తాడట. నువ్వు బుద్ధుడి దేశం వాడివి. ఆయన్ని ఇంప్రెస్ చేశావా, సూపర్‌వైజర్ నువ్వే" అన్నాడు.

"సార్, మేం లూథరన్‌లం. మా తాతగారి నాటి నుంచీ క్రైస్తవులం."

"అదిగో, ఆ వినయమే నాకు నచ్చేది."

(ఎన్నిసార్లు చెప్పినా ఆయన లెక్కలో నా వినయం పెరిగిందే గాని మతం మారలేదు.)

పెట్టె సర్దుతూ మా ఆవిడ హెచ్చరించింది. "ఏవండీ, పోస్టు కోసం వెళ్ళి అక్కడ రాళ్ళకీ రప్పలకీ దణ్ణాలు పెట్టి రాకండి. ఆదివారం పాస్టరుగారి మొహం నేను చూడాలి."

"మరి పోస్టు వదులుకోనా?"

"అదీ వదులుకోకండి."

(నర్సు గదా. ఒకదానికొకటి పడని మాత్రలు రెండూ ఒకే గుక్కలో మింగించడం ఆవిడకి అలవాటు.)

జపానులో మమ్మల్ని ఎక్కించిన మెట్లు నాచి జలపాతానికి వెళ్ళే పాత దారివి. నాచు పట్టిన రాళ్ళు, రెండు పక్కలా తలెత్తితే టోపీ పడిపోయేటంత దేవదారు చెట్లు. కంపెనీ పెద్దాయన టై కట్టుకుని, నల్ల గొడుగు పట్టుకుని, నా తండ్రి వయసులో నాకంటే తేలిగ్గా ఎక్కాడు. నయాగరా మాత్రం ప్రతి మలుపులోనూ చెట్లని మెచ్చుకునే నెపంతో ఆగి రొప్పాడు. వాళ్ళ పాత మతం షింటో గుడీ, బౌద్ధుల గుడీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయనీ, యాత్రికులు రెంటికీ వెళ్తారనీ పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఎడిసన్‌లో మా తెలుగు చర్చి ఒక్కటే, అందులోనే మేం రెండు ముక్కలం.

చివరికి జలపాతం ముందుకొచ్చాం. కొండ అంచున పైన, పవిత్రమైన చోటని గుర్తుగా, ఒక తాడు కట్టి ఉంది. దానికింద నుంచి ఒక్కటే ధార, నిలువునా.

"దేవుడెక్కడ?" అన్నాడు నయాగరా.

పెద్దాయన నీళ్ళ వైపు చెయ్యి చాపాడు.

"దాని వెనకాలా?"

"కాదు. నీళ్ళే."

నయాగరా కాసేపు పరీక్షగా చూశాడు. "పొడుగ్గానే ఉంది. కానీ మాది చాలా వెడల్పు. రాత్రిళ్ళు కలర్ లైట్లు కూడా వేస్తాం."

పెద్దాయన నడుం వంచి, "చాలా వెడల్పైన దేవుడు" అన్నాడు. (అది మర్యాదో, చెంపదెబ్బో నాకు నేటికీ తేలలేదు.) తర్వాత నాకు దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు. "మీరు బుద్ధుడి దేశం నుంచి వచ్చారు. ముందు మీరు."

"కమాన్ గురూ! ఏదైనా బుద్ధిస్ట్‌ది చెప్పు!" అని నయాగరా నా డొక్కలో పొడిచాడు.

దణ్ణం పెడితే ఇంట్లో మా ఆవిడ, పెట్టకపోతే పోస్టు. ఈ నీళ్ళు చేసిన నా దేవుడితో నేను మాట్లాడుకుంటే ఎవరికి నష్టం? చేతులు కట్టుకుని, చిన్నప్పటి అలవాటుగా కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రేమగల మా పరలోకపు తండ్రీ" అని తెలుగులో అందుకున్నాను. మా చర్చిల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మా ప్రార్థనకి గేర్లున్నాయి గాని బ్రేకులు లేవు. నీళ్ళకి వందనాలు, విమానం కూలనందుకు వందనాలు, అమ్మ మోకాళ్ళు, పాస్టరుగారి కారు, గాలి పోయిన హార్మోనియం. నీళ్ళు హోరెత్తే కొద్దీ నేనూ గొంతు పెంచాను. తుంపర్లకి కళ్ళజోడు కారిపోతోంది. కింద మమ్మల్ని తెచ్చిన బస్సు హారన్ కొడుతోంది. "సూపర్‌వైజర్ పోస్టు నీ చిత్తమైతే సరే, కాకపోయినా మరొక్కసారి ఆలోచించుము తండ్రీ... ఆమెన్!"

కళ్ళు తెరిచి వెనక్కి తిరిగితే, ఎవరో యాత్రికులు కూడా తలలొంచుకుని నిలబడి ఉన్నారు. నయాగరా ఒక్కడే తలెత్తాడు.

"ఆమెన్? అది మా చర్చిలో కదా అనేది?"

"మా చర్చిలోనూ అంటాం సార్."

"అంటే, నువ్వు క్రిస్టియన్‌వా?"

"న్యూజెర్సీ నుంచీ అదే మొత్తుకుంటున్నాను."

"టికెట్ కొని ఇంతదూరం నాలాంటి ప్రెస్బిటీరియన్‌ని తెచ్చుకున్నానా!"

"లూథరన్, సార్."

పెద్దాయన మడత విప్పని రుమాలు నా చేతిలో పెట్టాడు, కళ్ళజోడు తుడుచుకోమని. "చాలాసేపు మాట్లాడారు. బాగా మాట్లాడారు. ఇప్పుడు చూస్తారా?" అన్నాడు.

తుడుచుకుంటూనే ఉన్నాను, మళ్ళీ హారన్. నయాగరా నా చొక్కా పట్టి లాక్కుపోయాడు. వెనక్కి తిరిగిచూస్తే గొడుగుల సందులోంచి ఓ తెల్లటి పీలిక.

పెద్దాయన ఆర్డరిచ్చాడు. అది తన వెడల్పు వల్లేనని నయాగరా నమ్మకం. పోస్టు మాత్రం, తిరుగు విమానంలోనే, కిందటి క్రిస్మస్ పార్టీలో శీర్షాసనం వేసిన ఓ హైదరాబాద్ ఇంజనీరుకి దక్కింది. (లేత్ ఎటు తిరుగుతుందో ఆ మహానుభావుడికి నేనే చెప్పాల్సొచ్చేది. తలకిందులుగా చూడటం అలవాటైన మనిషి.)

ఇంటికొచ్చాక మా ఆవిడ, "దణ్ణం పెట్టలేదుగా?" అంది.

"లేదు."

"పోస్టో?"

"లేదు."

"పోన్లెండి. ఇంతకీ జలపాతం ఎలా ఉంది?"

"తడిగా ఉంది" అన్నాను. అంతకుమించి నాకేం తెలుసు?

ఆ పోస్టు మీద కోపం నాకింకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. కానీ ఈమధ్య చర్చిలో ప్రార్థన సాగుతున్నప్పుడు ఒక కన్ను తెరుస్తున్నాను. వాన రోజైతే, కిటికీ బయట చూరు గొట్టం విరిగినచోట ఒక్కటే ధార, నిలువునా. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "కళ్ళు!" అంటుంది.

ఆగవే ఒక్క నిమిషం. నాచి దగ్గర చూడాల్సింది ఇంకా కాస్త మిగిలిపోయింది.