అవతలి మూల

పెద్ద బాబా పోయారు. పోయిన శుక్రవారం పొద్దున, సెలవు కదా అని రిగ్గై పేటలో మా అక్క గదికి వెళ్ళి సంగటికి ఎసరు పెడుతుండగా, మామా పంపిన మాట ఫోన్‌లో వచ్చింది. మామా అంటే మేనమామ అనుకునేరు. కువైట్‌లో ఇంటి యజమానురాలిని మేమంతా అలాగే పిలుస్తాం. ఆమె తండ్రి పెద్ద బాబా. ఆ మాటలో సగం ఏడుపే. "బాబా ఖలాస్. చూస్తే మంచం మీద లేడు. ఆ మూలన నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అంతదూరం ఎలా వెళ్ళాడో నాకు అర్థం కావడం లేదు. నువ్వు రా."

ఏ మూలో ఆమె చెప్పలేదు. ఆరేళ్ళు ఆ గది ఊడ్చినదాన్ని, నాకు చెప్పక్కర్లేదు. అయినవాళ్ళు పోయారని వింటే ముందు ఏడుపు రావాలి. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అక్క పొయ్యి ఆర్పి నా చేతిలో గరిటె లాక్కునేదాకా అలాగే నిలబడి ఉన్నాను.

ఇంటిపనికి వచ్చిన ఆడది పెద్దవాళ్ళ గురించి రాయడమేమిటని మా రాయచోటి వైపు వాళ్ళు నవ్వితే నవ్వనీ. ఇంటర్ దాకా చదివాను, ఆయన్ని కళ్ళారా చూశాను. ఆయన గురించి తెలుగులో రాసేవాళ్ళు ఇంకెవరున్నారు?

పెద్ద బాబాది ఇంగ్లండు. ఉత్తరాన బొగ్గు గనుల ఊళ్ళో పుట్టి, మీసాలు రాకముందే తిరునాళ్ళ డేరాల్లో బాక్సింగ్ మొదలుపెట్టారు. డేరా ముందు నిలబడి, వచ్చేపోయే వాళ్ళలో దమ్మున్నవాణ్ణి తనతో తలపడమని పిలిచేవారట. తర్వాత సైన్యం, అక్కణ్ణుంచి పెద్ద పెద్ద హాళ్ళు. పంతొమ్మిది వందల యాభైల్లో ఆయన పేరున్న మిడిల్ వెయిట్ బాక్సర్. అంటే బక్కవాళ్ళూ కాదు, కొండల్లాంటి వాళ్ళూ కాదు, నడిమి తూకం వాళ్ళు. దేశంలో మేటికి కట్టే బెల్టు కోసం జరిగే పోటీకి ఇంకొక్క గెలుపు చాలనేదాకా వెళ్ళారు. అక్కడ ఉన్నట్టుండి అంతా వదిలేసి, ఎడారి దేశంలో కసరత్తు నేర్పే పని చూసుకుని కువైట్ వచ్చేశారు. ఇక్కడే ఒక లెబనాన్ టీచరమ్మను పెళ్ళాడి, మతం మార్చుకుని, మళ్ళీ ఇంగ్లండు మొహం చూడలేదు. కూతురు కువైటీని చేసుకుంది. నేను రుమైథియాలో ఆ ఇంట్లో చేరేసరికి ఆయనకు తొంభై దగ్గర పడుతున్నాయి. భార్య లేదు. మనసు కూడా అప్పుడప్పుడూ ఇంట్లో ఉండేది కాదు.

ఆయన గదిలో గోడ మీద ఒక కుర్రాడి ఫోటో ఉండేది. నున్నగా దువ్విన జుట్టు, గడ్డం కింద పిడికిళ్ళు. ఎవరోలే అనుకున్నాను. కొన్నాళ్ళకు ముక్కును బట్టి ఆయనేనని గుర్తుపట్టాను. ముక్కు అప్పటికే చితికిపోయి ఉంది.

ఆయనది ఇంగ్లీషు, నాది వంటింటి అరబ్బీ. కోపం వస్తే నేను తెలుగులోనే తిట్టేదాన్ని, ఆయన తలూపుతూ శ్రద్ధగా వినేవారు. ఆయన చెప్పినవన్నీ ఇక్కడ నా మాటల్లోనే రాస్తున్నాను.

పొద్దున్నే తూకం చూసుకోనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. పోటీకి ముందు తూకం దాటకుండా కడుపు మాడ్చుకున్న రోజులవి, ఒంట్లోంచి పోలేదు. నేను రెండు చేతులూ పట్టుకుని మిషన్ మీద నిలబెడితే, "తూగానా?" అని అడిగేవారు. మనిషి ఎండిన కంపలా అయిపోయారు. ఆ ముల్లు ఎక్కడుందో నేను చూసేదాన్నే కాదు. "తూగినారు బాబా, సరిగ్గా మిడిలే" అంటే మొహం వెలిగిపోయేది. అప్పుడు తినేవారు.

మందులు మింగనని మొండికేస్తే ఏం చేయాలో మామా నేర్పింది. రింగులో ప్రతి బాక్సరుకూ ఒక మూల ఉంటుందట. గంట కొట్టగానే వచ్చి ఆ మూలన స్టూలు మీద కూలబడతాడు. అక్కడ తన మనిషి ఒకడు భుజాన తువ్వాలు వేసుకుని కాచుకుని ఉంటాడు. మొహం తుడిచి, నీళ్ళు పట్టించి, చెవిలో నాలుగు ధైర్యపు మాటలు చెప్పి, మళ్ళీ గంట కొట్టగానే లేపి పంపిస్తాడు. "నువ్వు ఆ మనిషివైపో" అంది మామా. అయిపోయాను. తువ్వాలు భుజానేసుకుని స్టూలు మీద ఎదురుగా కూర్చుని తడిగుడ్డతో మొహం తుడిస్తే, పెద్ద బాబా బుద్ధిగా నోరు తెరిచేవారు.

గంట మాత్రం ప్రమాదం. వీధి తలుపు గంట మోగితే చాలు, పిడికిళ్ళు బిగించి దిగ్గున లేచేవారు. ఒకసారి పడ్డారు కూడా. అప్పుడు మామా గంట తీయించి పక్షి కూత పెట్టించింది.

మంచి పొద్దుల్లో ఆయన నాకు పాఠాలు చెప్పేవారు. "దెబ్బ తగిలితే వెనక్కి పోకు, దగ్గరికి పో. దగ్గరున్నవాణ్ణి ఎవరూ గట్టిగా కొట్టలేరు" అనేవారు. సరే చూద్దామని, మామా నా మీద అరిచిన రోజు వెనక్కి తగ్గకుండా దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అరుస్తున్న మనిషి ఫక్కున నవ్వేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో నాకు తిట్లు తగ్గాయి.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చేరిన మొదటి సంవత్సరం ఒక మధ్యాహ్నం పులుసు ఒలికింది. మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? భుజం మీది పాత తువ్వాలు తీసి నేల మీద పడేసి కాలితో తుడుస్తాం. నేనూ అదే చేశాను. పెద్ద బాబా మొహంలో రక్తం లేదు. "ఎవరు వెయ్యమన్నారు నిన్ను? నేనింకా నిలబడే ఉన్నాను!" అని గది అదిరేలా అరిచారు. రాత్రికి అన్నం తినలేదు, నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. మామా వచ్చి విడమరిచి చెప్పింది: మూలన ఉన్న మనిషి తువ్వాలు విసిరాడంటే, మావాడు ఇక నిలబడలేడు, పోటీ ఆపండి అని అర్థం. రెఫరీ ఆపేస్తాడు. మా నాన్న జీవితంలో ఆయన తువ్వాలు ఎవరూ విసరలేదు. ఆనాటినుంచి ఆ గదిలో నేల తుడవాలంటే వంగి చేత్తోనే తుడిచాను.

ఇప్పుడు ఆ మూల సంగతి. మంచానికి ఎదురుగా, బీరువాకూ కిటికీకీ మధ్య ఖాళీగా ఉండేది. పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వేళకు ఆయన చూపు అక్కడికి పోయేది. పోయాక ఇక తిరిగేది కాదు. "లేచాడా?" అని నన్నడిగేవారు. ఎవరు బాబా అన్నా, ఎవరో కూర్చుని ఉన్నట్టు అటే చూసేవారు. ఇంటి డ్రైవర్‌ని నేను తమ్ముడూ అంటాను; వాడిది జగిత్యాల, దేనికీ జంకని మొండివాడు. వాడు కూడా, "గా మూలకు ఏమున్నదక్కా? ఆయన చూస్తుంటే నాక్కూడ గుబులైతున్నది" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఉప్పూ ఎండుమిరపకాయలూ ఆయనకు దిగదుడిచి, సాంబ్రాణి వేసే నిప్పుల్లో పడేశాను. పొగకు ఇంటి అలారం మోగింది. అలారం కూడా గంటే కదా! పెద్ద బాబా లేచి పిడికిళ్ళు బిగించి ఆ మూల మీదికి రెండడుగులు వేశారు. పట్టుకుని కూర్చోబెట్టేసరికి నా పని అయిపోయింది. "దయ్యం పోయిందో లేదో గని అక్కా, ఇల్లంత దగ్గుబట్టింది" అన్నాడు తమ్ముడు. నాకు నవ్వు రాలేదు. ఆ మూలకు వెళ్ళబోయి ఆయన ఆగిపోయిన తీరు నేను చూశాను. అది కొట్టబోయే మనిషి ఆగే తీరు కాదు.

తర్వాత ఒక పొద్దున, మనసు తేటగా ఉన్నప్పుడు, ఆయనే చెప్పారు. ఆ మూలన ఉన్నది ఒక కుర్రాడు. ఓడరేవు ఊరివాడు, తనకంటే చిన్నవాడు. గెలిచినవాడికి బెల్టు పోటీ. చివరి రౌండ్లకు ఆ పిల్లవాడి చేతులు కిందికి వాలిపోయాయి, కళ్ళల్లో చూపు లేదు. "నేను వాడి వైపు చూడలేదు. వాడి మూల వైపు చూశాను. వాడి మనిషి భుజం మీద తువ్వాలు ఉంది. విసురు, విసురు అని మనసులో అరిచాను. విసరలేదు. ఆపేదాకా కొట్టడం మా పని. కొట్టాను." పిల్లవాడు పడ్డాడు. ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండానే పోయాడు.

పెద్ద బాబాను కాల్చింది అదొక్కటే కాదు. పోటీ ముగిశాక అవతలి మూలకు వెళ్ళి, ఎలా ఉన్నావని పలకరించి రావడం బాక్సర్ల మర్యాదట. ఎంత కసిగా కొట్టుకున్నా ఆ మర్యాద తప్పరు. ఆ రోజు జనం ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు, ఆయన చేతులెత్తి ఊపారు. అవతలి మూలకు పోలేదు. ఆ తర్వాత బెల్టు పోటీకి పిలుపు వచ్చినా పిడికిలి బిగుసుకోలేదట. "నాకు ఆ పోటీ ఇంకా అయిపోలేదు" అన్నారు. నేను తువ్వాలుతో ఆయన కళ్ళు తుడిచాను. నావీ తుడుచుకున్నాను.

ఈ ఎండాకాలం మొదలయ్యేసరికి మంచం పట్టారు. కాళ్ళు ఆనేవి కావు, నీళ్ళు గొంతు దిగేవి కావు. చెంచాతో పెరుగు పెట్టి, తడిగుడ్డతో పెదాలు తడిపేదాన్ని. మంచం పక్కన బల్ల మీద ఒక గ్లాసు నీళ్ళు మాత్రం మామా రోజూ పెట్టేది, అలవాటు చొప్పున. సాయంత్రాలు మరీ ఘోరంగా తయారయ్యాయి. పడుకున్నచోటే గాలిలో పిడికిళ్ళు విసిరేవారు. "విసురు... విసురు..." అని ఆ మూలను బతిమాలేవారు. తొంభై దాటిన మనిషి పసిపిల్లాడిలా ఏడుస్తుంటే ఎంతని చూడను?

మామా ఎవరిదో పెళ్ళికి వెళ్ళిన ఒక సాయంత్రం ఇక ఆగలేకపోయాను. స్టూలు తీసుకుని ఆ మూలకు వెళ్ళాను. అక్కడ వేసి పక్కన నిలబడ్డాను. స్టూలు మీద ఎవరో కూర్చున్నట్టే అనిపించింది, అటు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి గది మధ్యకు విసిరాను.

"సాలు! ఇంగ సాలు! మావోడికి శాతకాదు, నిలపండి!"

పెద్ద బాబా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తువ్వాలు వైపు చూశారు, చాలాసేపు చూశారు. పిడికిళ్ళు విప్పుకున్నాయి. ఆరేళ్ళలో ఆ చేతులు అంత మెత్తగా పడి ఉండడం నేను చూడలేదు.

"బతికే ఉన్నాడా?" అన్నారు.

"ఉండాడు బాబా. నీళ్ళు కావాలంటాండాడు" అన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియదు. నోటికొచ్చింది అన్నాను.

ఆ తర్వాత ఆయన ఏడవలేదు, అరవలేదు. తువ్వాలునూ స్టూలునూ ఎవరినీ కదపనివ్వలేదు. మామా ఎందుకని అడిగితే, ఆయన మాటేలే, ఉండనీ అన్నాను. కానీ పక్షి కూసినా ఆయన తల తిప్పడం మానేశారు, తూకం అడగడం మానేశారు. ఎవరి పోటీ ఆపానో నేను? వాడిదేనా, ఆయనది కూడానా? ఈ మాట నన్ను వదలడం లేదు. అయినా ఆ సాయంత్రం మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే విసురుతాను.

శుక్రవారం డ్రైవర్ తమ్ముడు రిగ్గై వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. దారంతా ఒక్కటే అన్నాడు. "నీ పేరే తలిచిండేమో అక్కా." మేం చేరేసరికి స్నానం చేయించడానికి మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. ఇక్కడ ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. చివరిచూపు నాకు దక్కలేదు. ఆ కొరత నాకు ఎప్పటికీ పోదు.

మామా ఆయన మంచం మీద కూర్చుని ఉంది. నమాజు చేసుకుని టీ పెట్టుకునే లోపల జరిగిపోయిందట. నన్ను చూడగానే గట్టిగా అరిచింది. "ఎలా నడిచాడు? కాళ్ళే ఆననివాడు ఎలా నడిచాడు? దేన్నో చూసి భయపడి పారిపోబోయాడు, అవునా? మా నాన్న భయపడి పోయాడా? నిజం చెప్పు!"

నేను వెనక్కి తగ్గలేదు. దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. ఆ కుర్రాడి కథ ఆమెకు వాళ్ళమ్మ చెప్పే ఉంది. తువ్వాలు సంగతే తెలియదు. చెప్పాను. "బయపడలేదు మామా. పోటీ అయిపోయింది గదా. అవతలి మూలకు పోయి పలకరించొద్దామని లేసినాడు" అన్నాను. నా అరబ్బీలో తెలుగు ఎంత కలిసిందో గానీ, ఆమెకు అర్థమైంది. నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఈ ఏడుపు వేరు.

కాసేపటికి ఇద్దరం లేచి ఆ మూలకు వెళ్ళాం. ఆయన భుజం మీద ఉన్న తువ్వాలును మగవాళ్ళు తీసి కిటికీ మీద పెట్టారట. స్టూలు నా చేతులతో వేసిన చోటే ఉంది. దాని మీద గ్లాసు ఉంది, మంచం పక్కన మామా పెట్టిన గ్లాసు.

"నిండుగా పెట్టాను" అంది మామా.

గ్లాసు ఖాళీగా ఉంది. ఆయనకు చూస్తే గుటక కూడా దిగేది కాదు. ఆమె వంగి కార్పెట్ తడిమింది, గోడ తడిమింది. ఆయన బట్టలు కూడా పొడిగానే ఉన్నాయంది. నేను స్టూలు మీద చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా చుక్క ఒలకలేదు.