సాలూరు బోల్టు

వేలెడంత బోల్టు మీద అనుమానపడి ట్రాక్టరు నడుము విరగ్గొట్టుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలంటే సాలూరు దారిలో మా ఊరు రండి. ముందే చెబుతున్నాను, తప్పు నా ఒక్కడిదే కాదు.

మా బావ సింహాచలం, అంటే మా ఆవిడకు అన్న, తన కూతురి పెళ్లిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టాడు. వాళ్ల డ్రైవరు మొదటి బంతిలో తిన్నాడు. నా విస్తరి దగ్గరకు వచ్చేసరికి గుమ్మడికాయ దప్పళంలో గుమ్మడికాయ లేదు. ఇది మరిచిపోయే విషయమేనా?

అలాంటి మనిషి ఒక ఏడాది ఉభాల ముందు, అంటే వరినాట్లకు ముందు, నేను అడక్కుండానే తన రోటావేటరు ఇచ్చాడు. ట్రాక్టరు నాది, వెనక తగిలించి మడిని బురదగా కలిపి దమ్ము పట్టే ఆ యంత్రం అతనిది. రెండింటినీ కలిపి తిప్పే షాఫ్టుకు ఒక బోల్టు ఉంటుంది. అది తెగితే వేసుకోమని గుప్పెడు బోల్టులు కూడా పోశాడు. విందుకు పిలిచి ముందుగానే విరేచనాలు ఆగే మాత్ర చేతిలో పెట్టినట్టు లేదూ?

మర్నాడు పొద్దున్నే దమ్ము మొదలెట్టాను. నారు పీకి కట్టలు కట్టేశారు. నాట్లు వేసే ఆడవాళ్లు గట్టు మీద కూర్చున్నారు. మా ఊళ్లో పద్ధతేమిటంటే, ఎండెక్కేసరికి మడి సిద్ధంగా లేకపోతే గుంపు పక్క మడిలోకి దిగిపోతుంది. మళ్లీ మన వంతు ఎప్పుడో వాళ్లకే తెలియాలి, ఈలోగా పీకిన నారు వాడిపోతుంది. ఇంతకీ ఆ పక్క మడి ఎవరిదనుకున్నారు? బావదే.

మడంతా బాగానే నడిచింది. గట్టువార మూలకు వచ్చేసరికి ఠప్పున బోల్టు తెగింది. మార్చాను. మళ్లీ ఆ మూలకు వచ్చాను, మళ్లీ తెగింది. ఇంకొకటి వేశాను, అదీ అంతే. గుంపుకు పెద్ద అయిన పైడమ్మ నింపాదిగా అడిగింది.

"బాబూ, దిగమంటావేటి, ఆ పక్క మడికి పోమంటావేటి?"

దాంతో కుట్ర మొత్తం నాకు అర్థమైపోయింది. అంతలో బావ గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. నేనే ముందు నిలదీశాను.

"ఇయ్యేటి బోల్టులు బావా? మైనంతో సేయించినావేటి?"

"మెత్తగానే ఉండాల. కింద ఏదైనా అడ్డం తగిలితే ముందు అది తెగతాది, నీ ట్రాక్టరు బతుకుతాది. బోల్టు మీద కోపమెందుకు, కింద ఏటున్నాదో సూడు."

"నా మడిలో ఏటున్నాదో నాకు తెల్దా?"

"ఉంటేనే తెగతాది బావా."

"దప్పళంలో గుమ్మడికాయ కూడా ఉన్నాదనే అన్నావు."

అతను తెల్లమొహం వేశాడు. చేసినవాళ్లకు ఎప్పుడూ గుర్తుండదు.

నా పనిముట్ల పెట్టెలో సాలూరు లారీ షెడ్డులో బతిమాలి తెచ్చుకున్న బోల్టు ఒకటి ఉంది. కొండదారిలో ఘాటీ ఎక్కే లారీలకు వేసే రకం. బావ వద్దంటున్నకొద్దీ నాకు దాని మీద నమ్మకం పెరిగింది. బిగించి ట్రాక్టరు ఎక్కాను.

సాలూరు పరువు నిలిచింది. బోల్టు తెగలేదు. దాని బదులు షాఫ్టు చెరుకు పిప్పిలా మెలిదిరిగింది, ట్రాక్టరు కడుపులో గేరు పళ్లు పటపటా రాలాయి. పాము చావకుండా కర్ర విరగకుండా అంటారు. నా పాము చెక్కుచెదరలేదు, కర్రే విరిగింది. ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఆగింది. పైడమ్మ కొంగు బిగించి గుంపుతో సహా పక్క మడిలోకి దిగింది.

బావ రోటావేటరు కింద బురదలో చెయ్యి పెట్టి, నున్నటి నల్లరాయి ఒకటి పైకి లాగాడు. అప్పుడే అంబలి తెచ్చిన మా ఆవిడ దాన్ని చూసి ముంత కింద పెట్టేసింది.

"ఓలమ్మో, ఇది మన రుబ్బురోలు పొత్రం కాదేటి?"

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది పొత్రం. బావ గట్టు జరుపుతాడేమోనని, కొన్నేళ్ల కిందట హద్దుకు సాక్షిగా ఆ మూల గట్టు నడిమధ్యన దాన్ని నిలువునా పాతింది నేనే. పొత్రం పోయిందని మా ఆవిడ తన వదినను అనుమానించి మాటలు మానేస్తే, సాక్షిని బయటపెట్టకూడదు గనక నేనూ అవునవునన్నాను. నన్ను ఎవరేమన్నా మరిచిపోను గానీ, నేను పాతినవి ఎలాగో మరిచిపోతాను.

ఈ కథంతా నా నోటితోనే చెప్పించాక బావ ఒకసారి పొత్రాన్ని, ఒకసారి గట్టును, మధ్యలో నా దమ్ము బురదను చూశాడు.

"హద్దు ఇక్కడున్నాది. గట్టు అక్కడున్నాది. మరి జరిపినదెవరు బావా?"

ఏటా ఇవతల కాస్త కాస్త పారతో చెక్కి మడిలో కలుపుకుని, సన్నబడ్డ గట్టుకు అవతల మన్ను వేస్తే గట్టు జరుగుతుందని ఎవరికి తెలుసు?

మా ఆవిడ మళ్లీ ముంత అందుకుంది. నాకు తెచ్చిన అంబలి వాళ్లన్నకు పోసింది. అతను తాగాక నాకు ముంత ఇచ్చింది. అడుగున ఉల్లిపాయ ముక్క కూడా లేదు. సొంత పొలంలో కూడా నాది రెండో బంతే.

అందుకని ఆ పొత్రం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. తెగాల్సిన బోల్టును ఇక తెగనిస్తాను. వంటింటి సామాను భూమిలో పాతను. గట్టు మీద పార వెయ్యను. ఇవన్నీ నిలబెట్టుకుంటున్నాను. ఒక్క సంగతే ఇప్పటికీ మింగుడుపడదు: అంత బురదలో బావ చెయ్యి సరిగ్గా ఆ పొత్రం మీదకే ఎలా వెళ్లింది?