బయటికి పోని దేశం, కదలని పంపులు

2019వ సంవత్సరం. దోహాలో అల్ దోహా అల్ జదీదా పేటలో ఒక పాత భవనం రెండో అంతస్తులో మా కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసు. నేనక్కడ డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే ఏం చేస్తావమ్మా అని కాకినాడలో మా బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. సైటుకు వచ్చే ప్రతి వస్తువుకూ ముందుగా ఒక కాగితం వెళ్ళాలి. దాన్ని మెటీరియల్ సబ్‌మిటల్ అంటారు. ఏ వస్తువు, ఎవరు చేశారు, ఏ దేశంలో చేశారు, అన్నీ రాసి, క్లయింటు తరఫున ఉండే కన్సల్టెంటు చేత ఆమోదముద్ర వేయించుకోవాలి. తర్వాత సరుకు వచ్చినప్పుడు దాని వెంట వచ్చిన కాగితాలు ఈ సబ్‌మిటల్‌తో పొల్లు పోకుండా సరిపోవాలి. సరిపోకపోతే బంగారమైనా వెనక్కే. ఆ రెండు కాగితాల మధ్య కాపలా కూర్చోవడం నా ఉద్యోగం.

ఆ ఏడాది అల్ వక్రాలో ఒక సిబ్బంది కాలనీకి మురుగునీటి లిఫ్టింగ్ స్టేషన్ కడుతున్నాం. పల్లంలో చేరిన మురుగును పైకి తోడి పెద్ద లైనులోకి పంపే స్టేషన్ అది. దానికి నాలుగు పంపులు ఉత్తర ఐర్లండ్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి రావాలి. ఐర్లండ్ ద్వీపంలో దక్షిణ భాగం వేరే దేశం, యూరోపియన్ యూనియన్‌లో ఉంది. ఉత్తర భాగం బ్రిటన్‌ది. ఆ బ్రిటన్ యూనియన్‌లోంచి బయటికి పోతానని కూర్చుంది. పోయేది మార్చి 29న అని ప్రపంచమంతా చాటారు. మిగతావన్నీ ఏదో ఒక కొలిక్కి తెచ్చారు కానీ, ఐర్లండ్ మధ్యలో గీత దగ్గర మాత్రం బండి కదల్లేదు. అక్కడ గేటు పెడితే పాత గొడవలు రేగుతాయట. పెట్టకపోతే బయటికి పోయి ఏం లాభమట. గేటు వద్దని అందరూ అంటారు, గేటు లేకుండా ఎలాగో ఒక్కరూ చెప్పరు. వార్తల్లో వాళ్ళ సమావేశాలు చూసి చూసి నాకు తలనొప్పి పట్టుకుంది.

సరిహద్దులంటే నాకు భయం ఉంది, దానికి కారణమూ ఉంది. 2017లో పొరుగు దేశాలు ఖతర్‌తో రాకపోకలు తెంచుకున్నప్పుడు మా పైపుల లారీలు సౌదీ వైపు గేటు దగ్గరే నిలిచిపోయాయి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నిలిచిపోయాయి. ముందే ఎందుకు ఊహించలేదని మేనేజర్ నన్ను అందరి ముందూ నిలదీశాడు. దేశాలు దెబ్బలాడుకుంటాయని డాక్యుమెంట్ కంట్రోలర్ ఎలా ఊహిస్తుంది? అయినా ఆ మాట నా మనసులో ముల్లులా దిగిపోయింది. ఇంకెప్పుడూ ఎవరి చేతా అలా అనిపించుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అందుకే జనవరిలో ఫ్యాక్టరీ వాళ్ళు, ఆర్డర్లు పోటెత్తాయి, గడువు లోపల సరుకు తెప్పించుకోవాలని అందరూ మీద పడుతున్నారు, మీ పంపులు ఏప్రిల్‌లో గానీ ఓడెక్కవు అని రాయగానే నా బుర్ర చురుగ్గా పనిచేసింది. ఏప్రిల్ నాటికి ఆ దేశం యూనియన్‌లో ఉండదు కదా! సబ్‌మిటల్ వెనక్కి తీసుకుని, తయారైన దేశం అన్న గడిలో యునైటెడ్ కింగ్‌డమ్ పక్కన బ్రాకెట్ పెట్టి ‘నాన్ ఈయూ’, అంటే యూరోపియన్ యూనియన్‌లోది కాదు, అని చేర్చి మళ్ళీ పంపాను. ఎవరూ అడగలేదు. ఫ్యాక్టరీ కాగితంలో అది లేదు. కన్సల్టెంటు ఆమోదించాడు. ఆ రోజు నన్ను నేనే మెచ్చుకుని కరక్ చాయ్ తెప్పించుకుని తాగాను.

ఈ ఆలస్యంతో ముందుగా దెబ్బతిన్నది గంగారాం. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. ముప్పై ఒక్క ఏళ్ళు, మా కంపెనీలో పంప్ ఫిట్టర్. ఫ్యాక్టరీ వాళ్ళ శిక్షణ తీసుకున్నవాడు అతనొక్కడే. అతని చేత్తో బిగిస్తేనే పంపులకు గ్యారంటీ. అందుకని కన్సల్టెంటుకిచ్చిన కాగితాల్లో అతని పేరే రాశాం. పంపులు తిరిగాకే లీవ్ అని మేనేజర్ తేల్చి చెప్పాడు. గంగారాంకు ఉగాది దాటిన వారంలో పెళ్ళి.

“మేడం, మోటర్లు మార్చిల వస్తయంటిరి. గా లెక్కన ముహూర్తం పెట్టుకున్నం. ఇప్పుడు మావోళ్లకు ఏం చెప్పాలె?” అని అడిగాడు.

“లండన్‌లో తేలట్లేదయ్యా. నేనేం చెయ్యను?” అన్నాను. అప్పటికది నిజమే.

పెళ్ళి జూన్ చివరికి వాయిదా పడింది. అది దాటితే ఆషాఢం, వెంటనే మూఢం. మళ్ళీ దసరా వెళ్ళేదాకా ముహూర్తాలు లేవు.

మార్చి 29 వచ్చింది, వెళ్ళింది. ఆ దేశం మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఏప్రిల్ 12 అన్నారు. ఆ తర్వాత అక్టోబర్ 31 అన్నారు. ఏ పనడిగినా ‘బుక్రా’, అంటే రేపు, అనే మా దోహా ఆఫీసుల వాళ్ళే నయం, కనీసం వచ్చే వారమైనా చేస్తారు.

పంపులు మే నెలలో, రంజాన్ మధ్యలో, హమద్ పోర్టులో దిగి సైటుకు చేరాయి. వాటితో సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ వచ్చింది. వస్తువు ఏ దేశంలో పుట్టిందో చెప్పే ధ్రువపత్రం అది. అందులో ‘యూరోపియన్ యూనియన్ – యునైటెడ్ కింగ్‌డమ్’ అని నిక్షేపంలా అచ్చై ఉంది. నా సబ్‌మిటల్‌లో ‘నాన్ ఈయూ’. కన్సల్టెంటు తరఫున తనిఖీకి వచ్చినవాడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆమోదించిన వస్తువు ఇది కాదని ఎర్ర ముద్ర కొట్టి వెళ్ళిపోయాడు. నాలుగు పంపులూ చెక్కపెట్టెల్లోనే ఉండిపోయాయి.

నేను ఫ్యాక్టరీలో ఎగుమతులు చూసే నోరీన్‌కు ఫోన్ చేశాను.

“మీ సర్టిఫికెట్‌లో యూరోపియన్ యూనియన్ అని ఉందండీ,” అన్నాను.

“అవును, మేమింకా అందులోనే ఉన్నాం కదా.”

“పోతామన్నారు!”

“అన్నది నేను కాదు. అన్నవాళ్ళు కూడా ఇంకా పోలేదు.”

“యూనియన్ కాదు అని ఒక్క కాగితం ఇప్పించండి. చాలు.”

“జరగనిదాన్ని జరిగినట్టు ఎవరు రాసిస్తారు? ఈ సర్టిఫికెట్లిచ్చే మా ఛాంబర్ ఆఫీసులో అడిగితే నన్ను బయటికి గెంటుతారు,” అంది. తర్వాత ఆమెకూ విసుగు వచ్చినట్టుంది. “మా ఇల్లు ఉత్తరాన ఉంది, మా పశువుల కొట్టం దక్షిణాన ఉంది. మా నాన్న రోజుకు నాలుగుసార్లు సరిహద్దు దాటుతాడు. ఆవులకైనా కాగితాలున్నాయి, ఆయనకు లేవు. రేపు ఏమవుతుందో మాకే తెలియదు. మీకు దోహాలో ఎలా తెలిసింది?” అని అడిగింది.

అక్కడైనా నాకు వెలగాలి. వెలగలేదు. ఫోన్ పెట్టేసి కన్సల్టెంటుకు ఉత్తరం రాశాను. బ్రిటన్ ఎందుకు పోతానంది, ఎందుకు పోలేదు, ఐర్లండ్ సరిహద్దు చర్చలు ఎక్కడ ముడిపడ్డాయి అని రెండు పేజీలు. ‘సరిపోలలేదు’ అని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే వాక్యం. అలా నాలుగు ఉత్తరాలు రాశాను. ఈద్ సెలవులు వచ్చి వెళ్ళాయి. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నాలు బయట పని ఆపేసే రోజులు దగ్గరపడ్డాయి. లండన్‌లో వాళ్ళు ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటుంటే, నేనిక్కడ వాళ్ళందరి మీదా నెపం వేస్తూ కూర్చున్నాను.

జూన్ రెండో వారంలో గంగారాం ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది, ముఖం పీక్కుపోయి ఉంది.

“మేడం, జెర మీరే మాట్లాడుండ్రి. నా మాట ఎవరు నమ్ముతలేరు. లండన్‌ల పంచాది అయితే దుబాయ్‌ల మోటరు ఆగుతదా అని లావణ్య మేనమామ మొకం మీదనే అడిగిండు. పిలగాడు ఆడ ఇంకో సంసారం పెట్టిండని ఊళ్ళె అంటున్నరట.”

ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. లావణ్య అతను చేసుకోబోయే అమ్మాయి. పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఫోన్ తీసుకున్నాను.

“నమస్తే మేడం. ఆ దేశం పోతదా, ఉంటదా? నాకొక్క మాట చెప్పుండ్రి. మా మామ ఇంకో సంబంధం మాట్లాడుతున్నడు. వాళ్ళు ఆదివారం చూడనీకి వస్తమన్నరు. ఏం చెప్పి ఆపాలె నేను?”

నాలుగు ఉత్తరాల్లో రాసిందంతా ఆమెకూ చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నది.

“అంటే కాగితంల ఒక మాట తేడా వచ్చింది. గంతేనా మేడం?”

“అంతేనమ్మా.”

“మా రిజిస్టర్ల తప్పు పడితే గీత కొట్టి పక్కన సంతకం పెడ్తం. ఎవరు రాసిన్రో వాళ్ళే పెట్టాలె. మీకాడ అట్ల నడువదా?”

“ఇక్కడి పద్ధతులు వేరమ్మా,” అన్నాను ముక్తసరిగా. ఫోన్ గంగారాం చేతికిచ్చేసి పని ఉన్నదానిలా కంప్యూటర్ వైపు తిరిగాను. అతను వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, నాకు అంగన్‌వాడీ పాఠమా అనుకున్నాను. ఆ కోపంలోనే ఫైలు తెరిచాను. ఫ్యాక్టరీ పంపిన అసలు కాగితంలో ‘యునైటెడ్ కింగ్‌డమ్’ అని మాత్రమే ఉంది. డిసెంబరులో నేను పంపిన మొదటి సబ్‌మిటల్‌లోనూ అంతే ఉంది. అది అలాగే ఉండి ఉంటే సర్టిఫికెట్‌తో ఏ పేచీ వచ్చేది కాదు. లండన్ తేల్చినా తేల్చకపోయినా మా పంపులు ఎప్పుడో నేలలో దిగేవి. ఇది నాకు ఆ క్షణంలో తెలిసిందని చెబితే అబద్ధం. తెలుసు. ఎర్ర ముద్ర పడిన రోజు నుంచీ లోపలెక్కడో తెలుసు. నాలుగు ఉత్తరాలు రాసింది అది బయటపడకుండా ఉండటానికే.

మర్నాడు ఉదయమే ఆ కాగితాలు తీసుకుని అల్ వక్రా సైటుకు వెళ్ళాను. కన్సల్టెంటు తరఫు ఇంజినీర్ ఫారిస్ జోర్డాన్ దేశస్థుడు. ముక్కు మీద కోపం. నన్ను చూడగానే, “ఐదో ఉత్తరం చేతికే తెచ్చావా?” అన్నాడు.

“లేదు సార్. ఈ మాట ఫ్యాక్టరీ వాళ్ళది కాదు. నేను చేర్చాను. ఆ దేశం వెళ్ళిపోతుందనుకుని, ఎవరినీ అడక్కుండా ముందే రాసేశాను. తప్పు నాది.”

ఆయన మూడు కాగితాలూ వరసగా పెట్టుకుని చదివాడు. తర్వాత కళ్ళజోడు తీశాడు.

“నాలుగు ఉత్తరాల నిండా యూరప్ రాజకీయాలు రాశావు. అవి మా ఇంట్లో టీవీలోనూ వస్తాయి. ఈ మాట ఏ ఉత్తరంలో ఉంది?”

“ఏ ఉత్తరంలోనూ లేదు సార్.”

“మొదటి రోజే చెప్పి ఉంటే మొదటి రోజే అయిపోయేది.” పెన్ను నా ముందుకు తోశాడు. నేను ‘నాన్ ఈయూ’ మీద గీత కొట్టి, పక్కన సంతకం చేసి, తేదీ వేశాను. దాని కింద ఆయన సంతకం పెట్టాడు. “యల్లా, పంపులు దించుకోండి,” అన్నాడు. ఆయన ముందున్న టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. దీనికోసం నాలుగు వారాలు ఒక పెళ్ళిని గాల్లో వేలాడదీశాను.

ఆ సాయంత్రం నేనే లావణ్యకు ఫోన్ చేసి చెప్పాను. ఆదివారం వస్తామన్నవాళ్ళను ఆమె రావద్దంది. గంగారాం తెల్లవారుతూనే పనిలోకి దిగి, ఎండ ముదిరేలోపు పైకొచ్చి, తొమ్మిది రోజుల్లో నాలుగు పంపులూ బిగించాడు. ఐదో పంపు ఉన్నా బిగించేసేవాడు. పరీక్షలు అయిపోయాయి. ముహూర్తానికి ఇంకా మూడు రోజులుంది.

లీవ్ కాగితం తీసుకోవడానికి వచ్చినప్పుడు అతన్ని కూర్చోబెట్టాను.

“గంగారాం, నీకొక మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ పంపులు ఆగింది లండన్ వల్ల కాదు. నేను రాసిన ఒక మాట వల్ల.”

“ఎర్కనే మేడం.”

“ఎప్పటినుంచి?”

“రిజెక్ట్ కొట్టిన నాడే. స్టోర్ల రెండు కాగితాలు చూసిన. ఫ్యాక్టరీ దాంట్ల ఆ మాట లేదు, మీ దాంట్ల ఉన్నది. స్టోర్ల అందరికి ఎర్కనే.”

“మరి నన్ను అడగలేదేం?”

లీవ్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అడిగితే మీరు ఇంకో ఉత్తరం రాస్తరని భయమైంది మేడం,” అన్నాడు.

గొంతులో కోపం లేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లేచి నమస్కారం పెట్టి వెళ్ళాడు. పెళ్ళి జరిగింది.

ఆ దేశం 2020 జనవరి ఆఖరి రోజున నిజంగానే బయటికి పోయింది. ఐర్లండ్ సరిహద్దు కాగితాల రగడ ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. నేను దాని మీద ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ఏ కాగితం వెనక్కి వచ్చినా, ఉత్తరం మొదలుపెట్టే ముందు నా కాపీ తీసి, అందులో నేను చేర్చిన మాటేమైనా ఉందా అని చూసుకుంటాను. చాలాసార్లు ఉంటుంది.