కుండ పెంకుల చాటున

పదకొండో రోజు ఇల్లు కడిగినప్పుడు బంధువులు అక్వేరియం కూడా కడిగారు. మా ఆవిడ అందులో పేర్చిన కుండ పెంకులను మైల అని తీసి పారేసి, చేపలను మాత్రం మళ్ళీ నీళ్ళలో వదిలారు. మంచికే చేశారు. అప్పుడు నేను ఏదీ గమనించే స్థితిలో లేను.

అవి సిక్లిడ్ అనే రంగు చేపల పిల్లలు, ఎనిమిది. పోవడానికి రెండు నెలల ముందు ఆమె గవర్నర్‌పేటలో కొనుక్కొచ్చింది. మొదట వాటికి బెరుకెక్కువ. పెంకులు పెట్టాక, గాజుకు వేలు ఆనిస్తే దగ్గరకొచ్చేవి. ఇప్పుడు ఫిల్టర్ వెనక మూలలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, వెలిసిపోయిన రంగుతో నక్కి ఉన్నాయి. వేసిన మేత వేసినట్టే అడుగున నానుతోంది. పెంకులు తీసేసిన నాలుగో రోజుకు ఒకటి చచ్చిపోయింది. ఆమె చివరగా ఇష్టపడి తెచ్చుకున్నవి ఇవే. మిగిలిన ఏడూ పోతాయని భయం పట్టుకుంది. ఇంకే పనికీ ఓపిక లేక, కుర్చీ లాక్కుని రోజంతా వాటి ఎదుటే కూర్చున్నాను.

చేపల దుకాణం అతన్ని అడిగాను. దాక్కునే చోటు లేకపోవడం వల్లే అవి బయటికి రావడం లేదని, చోటుంటే ధైర్యం వస్తుందని చెప్పాడు. కొత్త కుండ పగలగొట్టి పెంకులు వేయమన్నాడు.

"ఇంకోటండీ, మీరు అలా ఎదురుగా కూర్చోకండి. వాటి కంటికి మీరో పెద్ద కొంగ."

కుండ కొన్నాను. పగలగొట్టలేకపోయాను. చితి చుట్టూ తిరిగి భుజం మీంచి వదిలేసిన కుండ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. రెండు రోజులు అది వంటగది గోడవారనే ఉండిపోయింది.

నాకు తోడుగా చల్లపల్లి నుంచి వచ్చి ఉన్న మా మేనత్త అదెందుకని అడిగింది. చెప్పాను.

"ఇంట్లో కుండ పగలగొడతారట్రా ఎవరైనా?" అని గోడవార ఉన్న కుండ వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "నువ్వొద్దులే. ఒక్కసారి చాలు నీకు. ఇటివ్వు."

పాత తువ్వాలు, పచ్చడి బండ పట్టుకుని డాబా మీదికి వెళ్ళింది. నాకేమీ వినపడలేదు.

పెంకులు పెట్టాక చేపలు పూర్తిగా కనపడకుండా పోయాయి. మూడో రోజు అడుగున మేత మిగల్లేదు. కుర్చీని వంటగది గుమ్మం దాకా జరిపాను. అక్కణ్ణుంచి చూస్తే పెంకు అంచున ఒక మూతి, కాసేపటికి ఇంకొకటి. ఏడూ కనపడేసరికి చాలాసేపు పట్టింది. దగ్గరకు వెళ్ళాలనిపించింది. వెళితే దాక్కుంటాయి. అక్కడే కూర్చున్నాను.